గ్రాఫిక్ మెమోయిర్: క్యాప్షన్లు చదివితే పుస్తకం చదివినట్టేనా?

గ్రాఫిక్ మెమోయిర్ అంటే రచయిత తన జీవితాన్ని బొమ్మల కథగా చెప్పే పుస్తకం. వీటి మీద విద్యార్థుల వ్యాసాలు దిద్దేటప్పుడు ఒక వాక్యం తప్పకుండా తగులుతుంది: "రచయిత్రి ఇలా చెప్పింది, బొమ్మలోనూ అదే చూపించింది." గట్టర్ (బొమ్మల గళ్ల మధ్య ఖాళీ), బ్లీడ్ (పేజీ అంచుదాకా పోయే బొమ్మ), స్ప్లాష్ (పేజీ నిండా ఒకే బొమ్మ) అంటూ పదాలన్నీ వాడినవాళ్లు కూడా ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు.

అపోహ: కథంతా క్యాప్షన్‌లోనే, అంటే బొమ్మతో పాటు రాసే కథనంలోనే ఉంటుంది, బొమ్మ దానికి తోడు.

వాస్తవం: క్యాప్షన్‌లో మాట్లాడేది ఏళ్ల తర్వాత వెనక్కి చూసుకుంటున్న మనిషి. బెలూన్‌లో, అంటే పాత్ర నోటి దగ్గర గీసే మాటల బుడగలో మాట్లాడేది ఆ రోజు అక్కడున్న మనిషి. ఇద్దరూ 'నేనే', కానీ పెద్దామెకు తెలిసింది ఆ పిల్లకు ఇంకా తెలియదు. బొమ్మ ఈ ఇద్దరూ అననిది చెప్పగలదు.

ఇరాన్‌లో తన చిన్నతనం గురించి మర్జాన్ సత్రపి గీసిన 'పెర్సెపోలిస్' మొదటి పేజీ తీయండి. మొదటి ప్యానెల్‌లో (బొమ్మ గడిలో) ముసుగు వేసుకున్న పదేళ్ల పిల్ల. 1980లో తాను ఇలా ఉన్నానంటుంది క్యాప్షన్. రెండోది తరగతి ఫొటో. తాను ఎడమ చివరన కూర్చున్నానని, అందుకే కనబడనని చెబుతుంది. నిజంగానే ప్యానెల్ గీత ఆమెను దాదాపు పూర్తిగా కోసేసింది. క్యాప్షన్ ఒక్కటే చదివితే ఇది చిన్న జోకు. గీత ఎక్కడ పడిందో చూస్తే, అందరికీ ఒకే ముసుగు వేయించిన ఏడాదిలో ఈ పిల్ల తన ఫొటోలోంచే తప్పిపోయింది. గొంతు మాత్రం చట్రం బయటి నుంచి వినిపిస్తూనే ఉంది.

నాజీల కాలంలో తన తండ్రి పడ్డ కష్టాలను ఆర్ట్ స్పీగెల్‌మన్ 'మౌస్'లో గీశాడు; అందులో యూదులు ఎలుకలు, నాజీలు పిల్లులు. ఆ తండ్రి వ్లాదెక్ క్యాప్షన్లలో తడబడే ఇంగ్లిష్‌లో కథ చెబుతాడు. యుద్ధకాలపు బెలూన్లలో అదే మనిషి ధారాళంగా మాట్లాడతాడు, ఎందుకంటే అప్పుడు మాట్లాడుతున్నది సొంత భాష. ఒకమ్మాయి దీన్ని ఎడిటింగ్ లోపమని రాసింది. పిలిచి అడిగితే, "నాకు బొమ్మలు వేయడమే రాదు, ఇవన్నీ ఎలా పట్టుకుంటాను?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. కాగితం ముక్కలతో క్యాప్షన్లు మూసి ఒక పేజీ చూడమన్నాను. తర్వాత బొమ్మలు మూసి చదవమన్నాను. రెండు కథలూ ఎక్కడ కలవలేదో తనే వేలు పెట్టి చూపించింది. ఎవరిని పెద్దగా గీశారు, ఎవరు ఎటు చూస్తున్నారు, చట్రం ఎక్కడ తెగింది అని గమనించడానికి బొమ్మలు వేయడం రానక్కర్లేదు. ఆ టెన్షన్ వదిలేయండి.

అపోహ: గట్టర్ లాంటి పదాలు ఎన్ని వాడితే అన్ని మార్కులు.

వాస్తవం: ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ, వింటేనే విసుగొస్తుంది. 'ఇక్కడ గట్టర్ ఉంది' అని రాస్తే ఏం లాభం? ప్రతి పేజీలోనూ ఉంటుంది. ఆ ఖాళీలో మీరు ఏం ఊహించుకోవాల్సి వచ్చిందో రాయండి.

అపోహ: ఎలుకలు, పిల్లులు ఉన్నాయంటే కల్పితమే.

వాస్తవం: 1991లో న్యూయార్క్ టైమ్స్ కూడా 'మౌస్' రెండో భాగాన్ని ఫిక్షన్ జాబితాలోనే పెట్టింది. స్పీగెల్‌మన్ ఉత్తరం రాశాక నాన్‌ఫిక్షన్‌కు మార్చింది.

అపోహ: నిజజీవిత కథ కాబట్టి గీసింది గీసినట్టే జరిగింది.

వాస్తవం: తన తండ్రి గురించిన మెమోయిర్ 'ఫన్ హోమ్' కోసం ఆలిసన్ బెక్డెల్ పాత్రల భంగిమల్లో తనే నిలబడి ఫొటోలు తీసుకుని, వాటిని చూసి గీసింది. తండ్రి భంగిమలోనూ తనే. అందుకే 'అప్పుడు తండ్రి ఇలా నిలబడ్డాడు' అని కాకుండా, 'తండ్రిని ఇలా నిలబెట్టి గీసింది' అని రాయండి.