కెప్టెన్ లక్ష్మి, రాణీ ఝాన్సీ దళం: అపోహలు - వాస్తవాలు

ఇరవై ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు చరిత్ర చెబుతున్నాను. నేతాజీ నడిపిన ఆజాద్ హింద్ ఫౌజ్ పాఠం వచ్చిన ప్రతిసారీ, అందులోని మహిళా దళమైన రాణీ ఝాన్సీ దళం గురించి అవే మాటలు వింటాను. కొందరు ఆ ఆడపిల్లలను ఆకాశానికెత్తుతారు, కొందరు తీసిపారేస్తారు. రెండూ నాకు బాధగానే ఉంటాయి.

అపోహ: అది ఫొటోల కోసం పెట్టిన దళం.
కాదు. కెప్టెన్ లక్ష్మిగా పేరొందిన లక్ష్మీ స్వామినాథన్ మద్రాసులో డాక్టరు చదువు పూర్తి చేసి, 1940లో సింగపూర్ వెళ్లి ప్రాక్టీసు పెట్టుకున్నారు. 1943 జులైలో నేతాజీ పిలుపునివ్వగానే అది వదిలేసి దళాన్ని నడిపే బాధ్యత తీసుకున్నారు. అక్టోబరులో శిక్షణ శిబిరం మొదలైంది. కవాతు, రైఫిల్, బయొనెట్ అన్నీ నేర్చుకున్నారు.

అపోహ: ఇంఫాల్ యుద్ధంలో శత్రువులతో తలపడ్డారు.
ఇది పొగడ్తగా పుట్టిన అపోహ. 1944లో దళంలో కొంతమంది బర్మాలోని మేమ్యో దాకా వెళ్లారు. అంతలో జపాన్ సైన్యంతో కలిసి ఫౌజ్ బ్రిటిష్ వాళ్లపై చేసిన ఇంఫాల్ దాడి విఫలమైంది, వాళ్లను ముందు వరసకు పంపలేదు. గాయాలతో, జబ్బులతో వెనక్కొచ్చిన సైనికులకు ఆసుపత్రిలో సేవ చేశారు. 1945 ఏప్రిల్‌లో రంగూన్ వదిలినప్పుడు, పైనుంచి విమానాలు దాడి చేస్తాయని పగలు దాక్కుని రాత్రుళ్లు నడిచారు. వాళ్లను వదిలి ముందు వెళ్లిపోవడానికి నేతాజీ ఒప్పుకోలేదు, తనూ వాళ్లతోనే నడిచారు.

"ఎంతమందిని చంపారు మేడమ్?" అని క్లాసులో ఎవరో ఒకరు అడుగుతారు. సైనికురాలి జీవితాన్ని ఆ లెక్కతో కొలవకూడదని నేను గట్టిగా నమ్ముతాను. కాల్చే అవకాశం రాకపోవడం వాళ్ల లోపం కాదు. ప్రాణానికి తెగించే బయల్దేరారు.

అపోహ: డబ్బున్న ఇళ్ల అమ్మాయిలే చేరారు.
ఎక్కువమంది మలయా (ఇప్పటి మలేసియా) రబ్బరు తోటల కూలీల ఇళ్ల పిల్లలు. తమిళం మాట్లాడేవాళ్లు. చాలామంది భారతదేశాన్ని ఒక్కసారైనా చూడలేదు.

అపోహ: యుద్ధంతో వాళ్ల కథ అయిపోయింది.
నిజానికి అసలు జీవితం ఆ తర్వాతే ఉంది. బ్రిటిష్ వాళ్లు లక్ష్మిని పట్టుకుని బర్మాలో నిర్బంధించి, 1946లో భారత్‌కు పంపారు. ఫౌజ్ అధికారులపై బ్రిటిష్ వాళ్లు ఎర్రకోటలో జరిపిన విచారణను ఎదుర్కొన్న ప్రేమ్ సహగల్‌ను 1947లో పెళ్లాడి కాన్పూరులో స్థిరపడ్డారు. దేశ విభజనలో వచ్చిన శరణార్థులకు వైద్యం చేశారు, దశాబ్దాల పాటు పేద ఆడవాళ్లకు పురుళ్లు పోశారు. 1984లో భోపాల్ గ్యాస్ బాధితుల దగ్గరికీ వెళ్లారు. 1998లో పద్మవిభూషణ్ వచ్చింది, 2002లో రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. తొంభై దాటాక కూడా రోగులను చూశారు. 2012లో పోయాక ఆమె దేహాన్ని మెడికల్ కాలేజీకి ఇచ్చారు.

దళంలో మరో అధికారి జానకి, 1946లో మలయన్ ఇండియన్ కాంగ్రెస్ అనే పార్టీని స్థాపించినవాళ్లలో ఒకరు. తర్వాత అక్కడే సెనేటర్ అయ్యారు. తోటలకు తిరిగి వెళ్లిన అమ్మాయిల పేర్లు మాత్రం మన పాఠ్యపుస్తకాల్లో కనిపించవు. అందుకే దళం గౌరవ వందనం చేస్తున్న ఫొటో చూపించేటప్పుడు, ముందు నిలబడ్డ లక్ష్మి దగ్గర ఆగిపోకుండా, వెనక వరసలో ఉన్న ముఖాలను కూడా పిల్లలకు ఒక్కొక్కటిగా చూపిస్తాను.