భూకంపం పుట్టిన చోటికి బోరు

2011 మార్చి 11న జపాన్ ఈశాన్య తీరాన వచ్చిన 9 తీవ్రత భూకంపం శాస్త్రజ్ఞుల ఒక నమ్మకాన్ని పడగొట్టింది. భూమి పైపొరలోని ఒక పలక ఇంకో పలక కిందికి దూరే చోట, సముద్రపు అడుగుకు దగ్గరగా ఉండేది మెత్తటి మట్టి. అది పెద్దగా జారదని అప్పటిదాకా చాలామంది అనుకున్నారు. కానీ అలా పలకలు కలిసే లోతైన సముద్రపు అగడ్త, జపాన్ ట్రెంచ్ దగ్గర నేల సుమారు 50 మీటర్లు జరిగింది. సునామీ అంత ఎత్తున లేవడానికి ముఖ్య కారణం అదే. ఎందుకు జారిందో తెలియాలంటే భ్రంశం దాకా, అంటే రెండు పలకలు ఒకదానిపై ఒకటి జారే పగులు దాకా, వెళ్లి చూడాల్సిందే.

అంత లోతు నీటిలో బోరు వేయడం 1961లో మొదలైంది. అమెరికా మోహోల్ ప్రాజెక్టు మెక్సికోలోని గ్వాడలూపె దీవి దగ్గర, సుమారు 3,600 మీటర్ల నీటి కింద, 183 మీటర్లు తవ్వింది. ఖర్చు పెరిగిపోవడంతో 1966లో దాన్ని ఆపేశారు. అయినా లంగరు అందని చోట ఓడను కదలకుండా నిలిపి తవ్వొచ్చని అప్పుడే రుజువైంది. తర్వాత 1968లో గ్లోమార్ ఛాలెంజర్, 1985లో జాయిడెస్ రిజల్యూషన్ అనే నౌకలు ఆ పని అందుకున్నాయి. జపాన్ నౌక చిక్యు 2005లో సిద్ధమైంది.

2011 తర్వాత చిక్యుకు టైమ్ తక్కువ. భ్రంశం జారినప్పుడు రాపిడికి పుట్టిన వేడి ఏళ్లు గడిచేకొద్దీ చల్లారిపోతుంది. అందుకే 2012లోనే, దాదాపు 6,900 మీటర్ల నీటి కింద, మరో 850 మీటర్లు తవ్వారు. బోరులో 55 థర్మామీటర్లు దించి, 2013 ఏప్రిల్‌లో పైకి తీశారు. భ్రంశం దగ్గర వేడి చుట్టుపక్కలకన్నా 0.31 డిగ్రీలే ఎక్కువ! దాన్నిబట్టి ఘర్షణ గుణకం, అంటే జారుడును రాపిడి ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె, 0.08 అని లెక్క కట్టారు. మామూలు రాళ్లకైతే అది 0.6 పైనే ఉంటుంది. పైకి వచ్చిన మట్టి కూడా అదే చెప్పింది. అంత పెద్ద జారుడంతా ఐదు మీటర్లయినా మందం లేని, స్మెక్టైట్ అనే జారుడు బంకమట్టి పొరలో జరిగింది. నా దృష్టిలో ఈ అరవై ఏళ్ల తవ్వకాల్లో ఇంతకన్నా విలువైన కొలత లేదు.

అన్ని బోర్లూ ఇలా ఫలించలేదు. 1944, 1946ల్లో పెద్ద భూకంపాలు తెచ్చిన జపాన్ నైరుతి తీరంలోని నంకై ట్రెంచ్‌లో భ్రంశం సముద్రపు అడుగుకు సుమారు 5,200 మీటర్ల కింద ఉంటుందని అంచనా. 2018–19లో చిక్యు 3,260 మీటర్ల దగ్గరే ఆగిపోయింది. అయితే అక్కడి పాత బోర్లలో అమర్చిన పరికరాలు, పైకి తెలియకుండా నెమ్మదిగా సాగే జారుళ్లను పట్టిస్తున్నాయి.

2024లో చిక్యు మళ్లీ జపాన్ ట్రెంచ్‌కు వెళ్లింది. అదే ఏడాది, అమెరికా నిధులు ఆగిపోవడంతో, జాయిడెస్ రిజల్యూషన్ తవ్వకాలు ముగిశాయి. బాధ కలిగించే నిర్ణయం అది. 2004 సునామీకి కారణమైన భ్రంశాన్ని అర్థం చేసుకోవడానికి 2016లో సుమత్రా దగ్గర సముద్రపు అడుగు మట్టిని తవ్వి తెచ్చింది ఆ నౌకే.