బొద్దింకల పరుగు చెప్పే పరస్పర ప్రభావం

మనస్తత్వశాస్త్రంలో పరిశోధన ప్రారంభించిన ఒక విద్యార్థిని ఇటీవల నన్ను ఇలా అడిగారు: “ఒత్తిడి పనితీరును తగ్గిస్తుందని, అనుభవం పెంచుతుందని పూర్వ పరిశోధనలు చూపాయి కదా, ఆ రెండింటి మధ్య పరస్పర ప్రభావం, అంటే ఒకదాని ఫలితం రెండవదాన్ని బట్టి మారడం, ఉంటుందని ప్రతిపాదించడానికి అది చాలదా?” చాలదు. రెండూ నిజమే అయినా వాటి ఫలితాలు కూడిక లెక్కలా కలిసి అక్కడితో ఆగిపోవచ్చు. అలా మారుతుందనేవారు, ఎందుకు మారుతుందో కూడా చెప్పాలి.

ఈ పనిని 1965లో మనస్తత్వవేత్త రాబర్ట్ జాయన్స్ చేసినంత అందంగా మరెవరూ చేయలేదని నా అభిప్రాయం. నలుగురూ చూస్తుండగా పనితీరు మెరుగుపడుతుందని కొన్ని ప్రయోగాలు, దెబ్బతింటుందని మరికొన్ని చెబుతున్న కాలమది. ఇతరుల సమక్షం ఉత్తేజాన్ని పెంచుతుందని, ఉత్తేజం పెరిగినప్పుడు బాగా అలవాటైన ప్రతిస్పందనే ముందుకు తోసుకొస్తుందని ఆయన ప్రతిపాదించారు. సులువైన పనిలో ఆ అలవాటు సరైనదే కాబట్టి మేలు జరుగుతుంది. కొత్త పనిలో అది తరచూ తప్పు కాబట్టి కీడు జరుగుతుంది. బంధువుల ముందు పద్యం మరచిపోయిన పిల్లవాడికి దిష్టి తగిలిందంటారు. బాగా వచ్చిన పద్యాన్ని అదే బంధువుల ముందు వాడు మరింత ధాటిగా ఎందుకు చదివాడో ఆ దిష్టి చెప్పలేదు. జాయన్స్ వివరణ రెండింటినీ చెబుతుంది.

1969లో ఆయన బృందం దీన్ని బొద్దింకలపై పరీక్షించింది. వెలుతురు నుంచి పారిపోయి చీకటి పెట్టెను చేరడం వాటి పని. తిన్నని దారిలో, పారిపోవడమనే సహజ ప్రతిస్పందన నేరుగా గమ్యానికి చేరుస్తుంది. మలుపు తిరగవలసిన దారిలో అదే అడ్డుపడుతుంది. జంటగా పరుగెత్తిన బొద్దింకలు ఒంటరి వాటికంటే తిన్నని దారిలో వేగంగా, మలుపు దారిలో నెమ్మదిగా వెళ్లాయి.

ఇలా దిశే తారుమారయ్యే ప్రభావానికి మరో బలముంది. ఒక పనికి ఒకరు తీసుకునే సమయం 40 సెకన్ల నుంచి 30కి, మరొకరిది 20 నుంచి 15కి తగ్గిందనుకోండి. తీసివేతలో తగ్గుదల 10, 5 కాబట్టి పరస్పర ప్రభావం కనిపిస్తుంది. నిష్పత్తిలో ఇద్దరికీ తగ్గింది నాలుగో వంతే కాబట్టి లాగరిథమ్ కొలతలో అది మాయమవుతుంది. మనస్తత్వవేత్త జెఫ్రీ లోఫ్టస్ 1978లో హెచ్చరించింది దీని గురించే. బొద్దింకల ఫలితాల్లోలా దిశ తారుమారై, గ్రాఫులో రెండు పరిస్థితుల గీతలు ఒకదానినొకటి ఖండించుకున్నప్పుడు మాత్రం కొలతను ఇలా మార్చి ఆ ప్రభావాన్ని చెరపలేము.

ఆ విద్యార్థిని ఇప్పుడు తన ప్రతిపాదనను తిరగరాస్తున్నారు: అనుభవజ్ఞులకు సరైన ప్రతిస్పందనే అలవాటై ఉంటుంది కనుక ఒత్తిడి వారిని అంతగా దెబ్బతీయదని. ఇందులో దిశ మారదు, తీవ్రత మాత్రమే తగ్గుతుంది. ఆ తేడా ప్రధాన ప్రభావంలో, అంటే ఒత్తిడి సగటున చూపే ప్రభావంలో, సగమే అయితే, దాన్ని అంతే నమ్మకంగా పట్టుకోవడానికి 16 రెట్ల మంది కావాలి: పరిమాణం సగం, ప్రామాణిక దోషం (అంచనాలోని అనిశ్చితి) రెట్టింపు, కలిపితే 4 రెట్లు; కావలసిన మంది సంఖ్య దాని వర్గంగా పెరుగుతుంది, అంటే 16.