రాజీవ్ రహదారి మీద వెళ్లే పిల్లలకు

పిల్లలూ,

దసరా సెలవులకు సికింద్రాబాద్ జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్)లో కరీంనగర్ బస్సో గోదావరిఖని బస్సో ఎక్కుతారు కదా, ఈసారి ఎడమవైపు కిటికీ పట్టుకోండి. కిలోమీటరు రాళ్లు అటువైపే కనబడతాయి. రాయి తల మీద ఆకుపచ్చ రంగుంటే రాష్ట్ర రహదారి, పసుపుంటే జాతీయ రహదారి, నారింజ రంగుంటే ఊరి రోడ్డు. మీ బస్సు వెళ్లేది ఒకటో నంబరు రాష్ట్ర రహదారి మీద. కాగితాల్లో ఎస్‌హెచ్-1, జనం నోట రాజీవ్ రహదారి.

అల్వాల్, హకీంపేట, తూంకుంట దాటాక శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు అడ్డం వస్తుంది. ఆపైన తుర్కపల్లి, ములుగు (మేడారం ఉన్న ములుగు కాదు, ఇది సిద్దిపేట జిల్లాది), గజ్వేల్‌ను ఆనుకున్న ప్రజ్ఞాపూర్, కుకునూర్‌పల్లి, దుద్దెడ, సిద్దిపేట. అక్కణ్నుంచి శనిగరం, గుండ్లపల్లి, తిమ్మాపూర్, అలుగునూరు. మానేరు వంతెన దిగితే కరీంనగర్. సుల్తానాబాద్, పెద్దపల్లి, బసంత్‌నగర్ దాటితే రామగుండం, గోదావరిఖని. గోదావరి దాటితే మంచిర్యాల జిల్లా. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చేదాకా ఈ దారిలో సిద్దిపేట మెదక్ జిల్లాలో, పెద్దపల్లి కరీంనగర్ జిల్లాలో ఉండేవి.

ఊళ్ల పేర్ల కంటే రోడ్డు మీద నడిచే బరువును చూడండి. పైకొసన సింగరేణి బొగ్గు, ఎన్టీపీసీ కరెంటు, బసంత్‌నగర్ సిమెంటు. మధ్యలో కరీంనగర్ గ్రానైటు. కొస నుంచి కొస దాకా వడ్ల లారీలు. రోడ్డును నలిపేది కార్లు, బైకులు కావు, ఈ ఇరుసులే. ఇంజినీర్లు 8.16 టన్నుల ఇరుసును ఒక లెక్కగా పెట్టుకుంటారు. బరువు రెండింతలైతే దెబ్బ రెండింతలు కాదు, సుమారు పదహారింతలు. నాలుగు టైర్ల ఇరుసుకు 2018 నుంచి 11.5 టన్నుల దాకా అనుమతి ఉంది. దాని దెబ్బే నాలుగు లెక్క ఇరుసులతో సమానం. దాని మీద 16 టన్నులు ఎక్కించి పంపితే దాదాపు పదిహేను.

ఆ బరువును పైన కనబడే డాంబర్ ఒక్కటే మోయదు. అన్నిటికన్నా కింద అర మీటరు మందాన గట్టిగా తొక్కించిన మన్ను, దాని మీద నీళ్లు ఇంకిపోయే మొరం-కంకర పొర, ఆపైన తడిపి కలిపిన కంకర, తర్వాత రెండు డాంబర్ పొరలు. పై పొర మందం నాలుగైదు సెంటీమీటర్లే. కింద నల్లరేగడి ఉంటే దాన్ని తీసేసి మొరం నింపాలి. లేదంటే వానకు ఉబ్బి, ఎండకు కుంగి, రోడ్డు అంచు పొడవునా నెర్రెలు వస్తాయి. డాంబర్ మిశ్రమాన్ని సుమారు 150 డిగ్రీల వేడి మీద పరవాలి, 90-100కు దిగేలోపే రోలింగ్ అయిపోవాలి. టిప్పర్ల మీద టార్పాలిన్ కప్పేది అందుకే. చల్లారాక తొక్కించిన రోడ్డు రెండు వానలకే కంకర తేలుతుంది.

ఇక అసలు సంగతి. 2010లో ఈ దారిని బీఓటీ పద్ధతిలో నాలుగు వరుసలు చేయడానికి ఒప్పందమైంది. మొత్తం సుమారు 207 కిలోమీటర్లు. కట్టినవాళ్లు తమ డబ్బుతో కట్టి, ఇన్నేళ్లని టోల్ వసూలు చేసుకుంటారు. దుద్దెడ, రేణికుంట, బసంత్‌నగర్ టోల్‌గేట్లు అవే. (బస్సులో వెళ్లినా టోల్ తప్పదు, టికెట్‌లోనే కలిపేస్తారు.) అయితే కొత్తగా గీత గీసి వేసిన రోడ్డు కాదిది. చాలామట్టుకు పాత రోడ్డునే వెడల్పు చేశారు. పాత రోడ్డు ఊరూరా ఆగే బస్సులకూ బండ్లకూ సరిపోయింది, అందుకే చెరువు కట్టనూ ఊరినీ చుట్టుకుంటూ పోయింది. ఆ మలుపులు అలాగే ఉండిపోయాయి, వేగం మాత్రం పెరిగింది.

గంటకు 80 కిలోమీటర్ల వేగానికి మలుపు వ్యాసార్ధం కనీసం 230 మీటర్లుండాలి, 100 అయితే 360. అదీ మలుపులో రోడ్డును లోపలికి వంచితేనే. ఏడు మీటర్ల వెడల్పుకు ఏడు శాతం వంపంటే బయటి అంచు లోపలి అంచుకన్నా 49 సెంటీమీటర్లు ఎత్తు! బస్సు అటు తిరిగినప్పుడు మీ నీళ్ల సీసా ఎటు వాలిందో గమనించండి. ఇందులో ఒక చిక్కుంది. తిన్నగా ఉన్నచోట వాన నీరు బయటి అంచుకు పోతుంది. మలుపులో, బయటివైపు రోడ్డు నీళ్లు మధ్య డివైడర్ వైపు జారతాయి. అక్కడి కాలువ మట్టితో, చిప్స్ కవర్లతో పూడితే నీళ్లు సరిగ్గా వేగంగా వెళ్లే వరుసలోనే నిలుస్తాయి. కారు టైరు నీటి మీద తేలేదీ అక్కడే, గుంత మొదలయ్యేదీ అక్కడే.

పాత దారి కాబట్టి ఊరు ఒకవైపు, పొలం మరోవైపు. యూటర్న్ దూరమని రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు, డివైడర్‌కు కొట్టిన గండ్లు, అన్నీ అందువల్లే. కోతల కాలంలో ఎడమ వరుసలో వడ్లు ఆరబోస్తారు. కల్లం లేక ఆరబోసే రైతును తిట్టి లాభం లేదు గానీ, కుప్ప చుట్టూ పెట్టిన రాళ్లు రాత్రి ప్రాణం తీస్తాయి. 80 వేగంలో డ్రైవరు చూసి బ్రేకు తొక్కేలోపే బండి 55 మీటర్లు పోతుంది. ఆగడానికి మొత్తం 120 మీటర్లు కావాలి. డిప్‌లో హెడ్‌లైటు వెలుగు అందులో సగం దూరం కూడా సరిగ్గా చూపదు. మీ ఇంట్లో వడ్లు ఆరబోస్తే పొద్దుగూకేలోపు రాళ్లు తీయించే పని మీరు పెట్టుకోండి.

నగరం వైపు కొసన ఇరుకు తీరడానికి, ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట ఔటర్ దాకా 18 కిలోమీటర్ల పైచిలుకు కారిడార్‌కు 2024 మార్చి 7న అల్వాల్‌లో శంకుస్థాపన జరిగింది. ఎక్కువ భాగం స్తంభాల మీద పోయే దారి. రక్షణ శాఖ భూముల అనుమతికే ఏళ్లు పట్టింది.

చివరగా రాళ్ల లెక్క. పెద్ద రాళ్ల మధ్య ప్రతి 200 మీటర్లకూ ఒక చిన్న రాయి ఉంటుంది, వాటి మీద 2, 4, 6, 8 అని అంకెలుంటాయి. ఎక్కడైనా ప్రమాదం చూస్తే 108కి ఫోన్ చేసి "సిద్దిపేట దాటాక" అనొద్దు, అంబులెన్సు వెతుక్కోవలసి వస్తుంది. "కరీంనగర్ వైపు పోతున్నాం, కరీంనగర్ 42 అని ఉన్న రాయి దాటి, 6 అంకె ఉన్న చిన్న రాయి దగ్గర, ఎడమ రోడ్డు మీద" అని చెప్పండి.

మీ
తాతయ్య