ముద్దగా ఉన్నప్పుడే ఉండ చితకాలి

ఒంగోలు దగ్గర ఒక చిన్న ప్లాస్టిక్ యూనిట్లో, కొత్తగా చేరిన ఇంజనీర్లకు ట్విన్ స్క్రూ ఎక్స్‌ట్రూడర్ మీద పని నేర్పుతుంటాను. బ్యారెల్ అనే వేడి గొట్టంలో జంట స్క్రూలు తిరుగుతూ ప్లాస్టిక్‌ను కరిగించి, కలిపి, ముందుకు తోసే మెషిన్ అది. అక్కడ తయారయ్యేది బ్లాక్ మాస్టర్‌బ్యాచ్, అంటే పాలిథిలిన్‌లో కార్బన్ బ్లాక్ అనే మసిని దట్టంగా కలిపి చేసిన గింజలు. పైపులు చేసేవాళ్లు వాటిని కొని తమ ప్లాస్టిక్‌లో కొద్దిగా కలుపుకుంటారు. పశ్చిమ ప్రకాశం బత్తాయి తోటల్లో డ్రిప్ గొట్టాలు ఏళ్ల తరబడి ఎండకు ఆగుతున్నాయంటే ఆ మసి చలవే. అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్‌ను చేరకముందే అది మింగేస్తుంది. నీటి సరఫరాకు వాడే హెచ్‌డీపీఈ, అంటే గట్టి రకం పాలిథిలిన్ పైపుల్లో మసి 2.5 శాతం, అర శాతం అటూఇటూగా ఉండాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 4984 చెబుతుంది. శాతం కుదిరితే సరిపోదు. మసి ఉండకట్టిన చోట పైపు బలహీనపడుతుంది.

మొన్న వేసవిలో ఒక కుర్రాడి షిఫ్టులో వెంట్‌లోంచి నల్లటి ముద్ద పొంగుకొచ్చింది. వెంట్ అంటే ఆవిరి, గాలి పోవడానికి బ్యారెల్ మీద ఉంచిన కిటికీ. పాపం, అతనికి చెమటలు పట్టేశాయి.

"గింజల్లో కలవని మసి చుక్కలు వస్తున్నాయని టెంపరేచర్ 20 డిగ్రీలు పెంచాను సార్. మోటార్ ఆంపియర్లు కూడా తగ్గాయి. బాగా కరిగితే బాగా కలుస్తుంది కదా?"

"మీ ఇంట్లో బజ్జీల పిండి కలపడం ఎప్పుడైనా చూశావా నాయనా?"

శనగపిండిలో ఒకేసారి చెంబెడు నీళ్లు పోస్తే ఉండలు తేలుతాయి, ఎంత తిప్పినా పక్కకు జారిపోతాయి. అందుకే అమ్మ ముందు కొంచెం నీళ్లతో గట్టిగా కలిపి, ఉండలన్నీ చిదిమి, తర్వాతే పలుచన చేస్తుంది. ఉండను చితక్కొట్టేది చుట్టూ ఉన్న ముద్ద బిగువే. ప్లాస్టిక్‌కీ అంతే. వేడి పెంచితే పలచబడుతుంది, ఉండ మీద ఒత్తిడి తగ్గుతుంది. ఆంపియర్లు తగ్గాయంటే మోటార్ ఆ ముద్ద మీద చేసే పని తగ్గిందన్నమాట. ఈ మెషిన్లో ప్లాస్టిక్‌ను కరిగించే శక్తిలో పెద్ద భాగం హీటర్లది కాదు, మోటార్‌దే.

చితకని ఉండలు వెళ్లి, ముద్ద బయటికొచ్చే అచ్చు, అదే డై, దాని ముందున్న జాలిని మూసేశాయి. దారి లేక ముద్ద వెనక్కి పేరుకుంటూ వెంట్ దాకా వచ్చింది. మామూలుగా వెంట్ కింద స్క్రూ సగం ఖాళీగా ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ తొట్టి నింపి వదిలేయం. గంటకు ఇన్ని కిలోలని ఫీడర్ తూచి వేస్తుంది, స్క్రూ వేగం దానితో నిమిత్తం లేకుండా మార్చుకోవచ్చు. సింగిల్ స్క్రూ మీద పనిచేసి వచ్చినవాళ్లకు అన్నిటికంటే ఆలస్యంగా ఎక్కేది ఇదే.

ఒకే వైపు తిరుగుతూ ఒకదాన్నొకటి తుడుచుకునే ఈ స్క్రూల జోడీ 1950ల్లో జర్మనీలో పరిశ్రమకెక్కింది. పీవీసీ పైపులకు వాడేది వేరే రకం. అందులో స్క్రూలు ఎదురెదురుగా, నెమ్మదిగా తిరుగుతాయి, పీవీసీ రాపిడి వేడికి ఓర్చుకోలేదు కాబట్టి.

పుస్తకం చెప్పలేనిది చూపించాలనుకుని, మెషిన్‌ను ఉన్నపళంగా ఆపించి, డై విప్పి, స్క్రూలు బయటికి లాగించాను. 40 మిల్లీమీటర్ల స్క్రూ, 1600 మిల్లీమీటర్ల పొడవు. మొదట్లో గింజలు గింజలుగానే ఉన్నాయి, మధ్యమధ్య పొడి మసి. కాస్త ముందు సగం కరిగిన బంక. మొదటి నీడింగ్ బ్లాక్ దగ్గర, పలకలు మెట్లుమెట్లుగా పేర్చిన చోట, నిండా నల్లగా మెరుస్తున్న ముద్ద. ఇత్తడి గరిటెతో కొంచెం గీరి బ్లేడుతో కోయించాను. కోసిన ముఖం మీద గసగసాలకన్నా సన్నని గరుకు చుక్కలు. బ్లాక్ దాటాక కోసినా అవే చుక్కలు.

వెడల్పు పలకలు ఉండలను చితక్కొడతాయి, సన్నవి చితికినదాన్ని అంతటా పంచుతాయి. మా స్క్రూలో సన్నవే ఎక్కువున్నాయని అతనే లెక్కపెట్టి చెప్పాడు. రెండు సెట్లు మార్చాం, కొత్త జాలి వేశాం, వేడి 20 డిగ్రీలు దించాం. ఆంపియర్లు పెరిగాయి. సాయంత్రం ఆ గింజల్ని మామూలు పాలిథిలిన్‌లో కలిపి పల్చటి ఫిల్మ్ తీశాడు. ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టుకుని, స్కెచ్ పెన్నుతో మిగిలిన చుక్కల చుట్టూ గుండ్రాలు గీస్తూ కూర్చున్నాడు.