సందులో బొమ్మ ఉందా, లేదా?

విడివిడిగా నిలబెట్టిన మూడు తెరల మీద ఒకే వీడియో సాగాలి. తెరకీ తెరకీ మధ్య సందు ఉంది. ఆ సందు దగ్గరికొచ్చిన బొమ్మను చీకట్లోకి పోనివ్వాలా, లేక మొదటి తెర ఆగిన చోటినుంచే రెండోది అందుకోవాలా? మళ్ళీ రాజుకున్నది ఈ పాత తగాదాయే. గీసిన ప్రతి పిక్సెలూ కనపడాలన్నది వీడియో తయారుచేసేవాళ్ళ మాట. సందుకు లెక్క కట్టకపోతే బొమ్మ విరుగుతుందన్నది ప్రొజెక్టర్లు బిగించేవాళ్ళ మాట.

ఒకటికి మించి ప్రొజెక్టర్లతో ఒకే బొమ్మ వేసే ప్రయత్నాల్లో 1900 నాటి పారిస్ ప్రదర్శన, 1927లో ఫ్రెంచి దర్శకుడు అబెల్ గాన్స్ మూడు తెరల ప్రయోగం చాలామందికి తెలిసినవే. అసలు ముడి పడింది 1952 సెప్టెంబర్ 30న, న్యూయార్క్ బ్రాడ్‌వే థియేటర్‌లో సినెరామా మొదలైన రోజున.

ఫ్రెడ్ వాలర్ రూపొందించిన ఆ పద్ధతిలో మూడు 35 ఎం.ఎం. ప్రొజెక్టర్లు, 146 డిగ్రీల మేర వంపు తిరిగిన తెర, బొమ్మ మధ్యలో రెండు అతుకులు. అతుకు గీతలా కొట్టొచ్చినట్టు కనపడకుండా ప్రొజెక్టర్‌లో ఫిల్ము వెలుగు ముందుకొచ్చే గేటు అంచున రంపపు పళ్ళలాంటి రేకులు పెట్టి, అవి వేగంగా కిందికీ పైకీ ఆడేలా చేశారు. అంచు మసకబారింది గానీ అతుకు పోలేదు. 1962 నాటి కథాచిత్రాలకు వచ్చేసరికి చెట్టో స్తంభమో వెతికి, అతుకు దానిమీద పడేలా ఫ్రేము పెట్టుకోవాల్సి వచ్చింది. మరుసటేడు సినెరామా పేరుతోనే మూడు ఫిల్ములకు బదులు ఒంటి 70 ఎం.ఎం. ఫిల్ము నడిచింది.

సినెరామా అనగానే అందరూ ఆ అతుకు గురించే చెబుతారు. నాకు మాత్రం ప్రొజెక్షన్ గదిలో జరిగిన ఒక చిన్న పని అంతకన్నా ముఖ్యమనిపిస్తుంది. మూడింట్లో ఒక ఫిల్ము తెగిందనుకోండి. పాడైన ఫ్రేములు కత్తిరించి రెండు కొసలూ కలిపేస్తే, తెరలో ఆ భాగం మిగతా రెండింటికన్నా ముందుకు పరిగెడుతుంది. అందుకని పోయినన్ని ఫ్రేములకు సరిగ్గా అన్నే నల్ల ఫ్రేములు లెక్కపెట్టి అతికించేవాళ్ళు. ఆ కాస్సేపు మూడోవంతు తెర చీకటే. చీకటి పోయాక మాత్రం మూడు భాగాలూ అడుగు తప్పకుండా కలిసి నడిచేవి. ఫ్రేములు పోయినా వాటి చోటు పోనివ్వలేదు. ఇప్పుడు సందుకు చోటు అడుగుతున్నవాళ్ళు అడిగేదీ ఇంతే.

1955లో డిస్నీలాండ్‌లో మొదలైన, చూసేవాళ్ళ చుట్టూ బొమ్మ తిరిగే సర్కరామా అసలు అతుకు దాచే జోలికే పోలేదు. గుండ్రంగా 11 తెరలు; ప్రొజెక్టర్లను వాటి మధ్య సందుల్లోనే పెట్టి ఎదుటి తెర మీదికి వేశారు. తెరలు సరిసంఖ్యలో ఉంటే సందుకు ఎదురుగా సందే వస్తుంది, అందుకే బేసి. దాని తర్వాతి రూపమైన 1967 నాటి సర్కిల్ విజన్‌లోనూ 9 తెరలే. కిటికీ చువ్వల వెనక వీధి సాగినట్టు, ఆ సందుల పట్టీల వెనక బొమ్మ సాగుతోందని కన్ను తనంతట తనే సర్దుకుంటుంది.

ఈ సంగతి మరుగున పడేసింది డిజిటల్ ఎడ్జ్ బ్లెండింగ్. ఒకే గోడమీద రెండు ప్రొజెక్టర్ల వెలుగు కొంతమేర ఒకదానిపై ఒకటి పడేలా పెట్టి, ఆ మేర రెండింటినీ క్రమంగా తగ్గిస్తే అతుకు మాయం. ఆ సుఖం మరిగినవాళ్ళు విడి తెరల దగ్గరా అదే కావాలంటున్నారు. అక్కడ ఒకదానిపై ఒకటి పడేందుకు అంచులే తగలవు కదా!

ఒక్కో తెర 1920 పిక్సెళ్ళు, ఒక్కో సందు 200 పిక్సెళ్ళంత వెడల్పు అనుకుంటే, వీడియో గీసే కాన్వాస్ వెడల్పు 5760 కాదు, 6160. కనపడని ఆ 400 పిక్సెళ్ళే వీడియోవాళ్ళ కడుపుమంట. అక్షరాలు సందులో పడితే నష్టమే, కాదనను. వాటిని పక్కకు జరుపుకోవచ్చు. 5760కే చేసిన వీడియోలో ఏటవాలుగా కట్టిన తాడును ఏం చేస్తారు? 45 డిగ్రీల వాలులో పైకెళ్ళే తాడు 10 సెంటీమీటర్ల సందు దాటితే, అవతల 10 సెంటీమీటర్లు పైన తేలాలి. సందును లెక్కలోకి తీసుకోకపోతే ఆగిన ఎత్తులోనే మళ్ళీ మొదలై మెట్టులా విరుగుతుంది. పరిగెత్తే గుర్రమైతే దాని మూతి క్షణంలో అవతలికి దూకుతుంది, ఒళ్ళు సందంత సాగుతుంది.

బిగించేవాళ్ళ లెక్కకూ ఒక చిక్కుంది. తెరలు ఒకటి ముందు, ఒకటి వెనక ఉంటే, మనం కదిలినకొద్దీ సందు వెడల్పు మారుతుంది. 1992లో షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం చూపించిన, గోడలే తెరలైన కేవ్ గదిలో గోడలమీది బొమ్మ ఒక్క మనిషి తల కదలికనే అనుసరించి సరిపడేది, పక్కన నిలబడ్డవాళ్ళకు వంకరగా కనపడేది. అంటే సందును ఏదో ఒక కుర్చీలో కూర్చునే కొలవాలి. ఇప్పటి వాదులాటలో ఆ కుర్చీ ఊసు రెండు పక్షాలూ ఎత్తడం లేదు.