ముందు రచ్చ గెలిచి, తర్వాత ఇల్లు: గోంగ్ లీ వెనుక నలభై ఏళ్ల కథ

2018 నవంబర్ 17, తైపే. చైనీస్ భాషా సినిమాలకు ఆస్కార్ అంతటిదని చెప్పుకునే గోల్డెన్ హార్స్ పురస్కారాల సభ చివరికొచ్చింది. ఇక ఉత్తమ చిత్రం పేరు చదవడమే మిగిలింది. ఆ పని ఇద్దరిది. ఒకరు ఉత్సవ కమిటీ అధ్యక్షుడు, దర్శకుడు ఆంగ్ లీ. రెండోవారు జ్యూరీ అధ్యక్షురాలు, నటి గోంగ్ లీ. పిలుపు రాగానే ఆంగ్ లీ వేదిక మీదికి వచ్చాడు. గోంగ్ లీ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. కాసేపు చూసి ఆయన ఒక్కడే ఆ పని కానిచ్చేశాడు.

అదే సభలో అంతకుముందు ఉత్తమ డాక్యుమెంటరీ పురస్కారం అందుకున్న తైవాన్ దర్శకురాలు ఫూ యూ, తమ దేశాన్ని ప్రపంచం స్వతంత్ర దేశంగా చూసే రోజు రావాలని వేదిక మీదే అన్నది. తైవాన్ తనలో భాగమేనన్నది చైనా వాదన కాబట్టి, అక్కడి నుంచి వచ్చిన సినిమావాళ్లకు ఆ మాట మింగుడుపడలేదు. గోంగ్ లీ లేవకపోవడం దానికి జవాబేనని అందరూ అర్థం చేసుకున్నారు. చైనా సోషల్ మీడియాలో ఆమె దేశభక్తిని ఆకాశానికెత్తారు. ఇందులో విచిత్రం ఏమిటంటే, అప్పటికి పదేళ్లుగా ఆమె చైనా పౌరురాలే కాదు. సింగపూర్ పాస్‌పోర్టు మీద తిరుగుతున్న మనిషి.

ఆమె ఎవరి నటి అన్న ఈ పంచాయితీ ఆ రాత్రి మొదలైంది కాదు. చైనా సినిమా బయటి ప్రపంచానికి పరిచయమైన తీరులోనే దాని మూలం ఉంది.

మావో కాలంలో బయటి దేశాలవాళ్లకు బాగా తెలిసిన చైనా నటి పేరు ఒక్కటే. 1930ల్లో షాంఘైలో లాన్ పింగ్ పేరుతో చిన్నాచితకా వేషాలు వేసి, తర్వాత మావోను పెళ్లాడిన జియాంగ్ చింగ్. ఆమె పేరు బయటికి తెలిసింది కూడా నటన వల్ల కాదు. సాంస్కృతిక విప్లవం నడిచిన పదేళ్లలో దేశమంతా ఏ నాటకం చూడాలో, ఏది చూడకూడదో తేల్చింది ఆమే. ఆ పదేళ్లలో ఫిల్మ్ అకాడమీ మూతబడింది, స్టూడియోలు దాదాపు పడుకున్నాయి. 1978లో బీజింగ్ ఫిల్మ్ అకాడమీ తలుపులు మళ్లీ తెరిచినప్పుడు చేరినవాళ్లలో చాలామంది పొలాల్లో, మిల్లుల్లో పనిచేసి వచ్చినవాళ్లే. జాంగ్ యీమో వాళ్లలో ఒకడు. తండ్రి ఒకప్పుడు కమ్యూనిస్టుల చేతిలో ఓడిన కువోమింతాంగ్ పార్టీ సైన్యంలో అధికారి కావడంతో ఇంటి మీద మచ్చ పడింది. పల్లెలో పొలం పని చేసి, ఆపైన నూలుమిల్లులో పనిచేసి, వయసు పరిమితి దాటిపోయాక అకాడమీలో చేరాడు. 1984లో చెన్ కైగే తీసిన 'ఎల్లో ఎర్త్'కి కెమెరా పట్టింది అతనే. ఈ బ్యాచ్‌నే విమర్శకులు ఐదో తరం అంటారు.

గోంగ్ లీ వాళ్లకంటే బాగా చిన్నది. 1965 డిసెంబర్ 31న షెన్‌యాంగ్‌లో పుట్టి, షాన్‌డోంగ్ రాష్ట్రంలోని జీనాన్‌లో పెరిగింది. 1985లో బీజింగ్‌లోని సెంట్రల్ అకాడమీ ఆఫ్ డ్రామాలో చేరింది. ఇంకా చదువుకుంటుండగానే జాంగ్ తన మొదటి సినిమా 'రెడ్ సోర్ఘం'కి ఆమెను ఎంచుకున్నాడు.

ఆ సినిమా పుట్టుకలో నటికీ దర్శకుడికీ ఎంత పేరుందో, షియాన్ స్టూడియో అధిపతి వూ థియాన్‌మింగ్‌కీ అంత ఉంది. సినిమాకు ఆధారమైన మో యాన్ నవలలో జొన్నచేను ఉత్త నేపథ్యం కాదు, అదీ ఒక పాత్రే. కాబట్టి చేను నిజంగా ఉండాలి. జొన్న వేసే అదును ప్రభుత్వ అనుమతి కోసం ఆగదు కదా. స్క్రిప్టుకు ఆమోదం రాకముందే వూ డబ్బు సర్దాడు. యూనిట్ వెళ్లి మో యాన్ సొంతూరు గావ్‌మీలో విత్తనం వేసింది. ప్రభుత్వ స్టూడియోలో అలాంటి పని చెయ్యడానికి ఎంత గుండె కావాలో, మన దగ్గర ప్రభుత్వ ఆఫీసుల్లో ఫైలు కదిలించిన ఎవరైనా చెబుతారు.

ఆ సినిమా మొదటి పది నిమిషాలు చూస్తే గోంగ్ లీ ఎందుకు నిలిచిందో తెలిసిపోతుంది. సారా బట్టీ నడిపే కుష్ఠురోగికి, ఒక కంచరగాడిద కోసం తండ్రి కట్టబెట్టిన పెళ్లికూతురు ఆమె. పల్లకీ మోసే బోయీలు ఆమెను ఏడిపించడానికి పాట పాడుతూ, ధూళి లేపుతూ పల్లకీని ఎగరేస్తుంటారు. లోపల ఎర్రటి వెలుతురులో ఆమె ముఖం ఒక్కటే. వాంతి ఆపుకుంటుంది, ఏడుపు ఆపుకుంటుంది. తర్వాత తెర సందులోంచి ముందున్న బోయీ చెమట పట్టిన వీపును చూస్తుంది. ఇంత జరిగినా ఆమె నోటి నుంచి ఒక్క మాట రాదు. 21 ఏళ్ల పిల్ల, కెమెరా ముందు మొదటి సినిమా.

1988 ఫిబ్రవరిలో బెర్లిన్ చిత్రోత్సవంలో ఆ సినిమా అగ్ర బహుమతి గోల్డెన్ బేర్ గెలిచింది. చైనా సినిమాకు ఆ బహుమతి అదే మొదటిసారి. ఇంటి దగ్గరా బ్రహ్మాండంగా ఆడింది. పాటలు వీధుల్లో మారుమోగాయి. తిట్టినవాళ్లూ ఉన్నారు. మన వెనకబాటుతనాన్ని తెల్లవాళ్లకు చూపించి బహుమతులు తెచ్చుకుంటున్నారన్న మాట అప్పుడే పుట్టింది. మన దగ్గర సత్యజిత్ రాయ్‌ని పేదరికం ఎగుమతి చేస్తున్నాడని నర్గీస్ దత్ విమర్శించింది గుర్తున్నవారికి ఈ గొడవ కొత్తది కాదు.

తర్వాతి ఏడాది కథ మారింది. 1989 జూన్‌లో బీజింగ్ తియానాన్‌మెన్ కూడలిలో ప్రజాస్వామ్యం అడిగిన విద్యార్థుల ఉద్యమాన్ని సైన్యం కాల్పులతో అణచేసింది. అమెరికాలో ఉన్న వూ థియాన్‌మింగ్ ఐదేళ్లదాకా వెనక్కి రాలేదు. స్టూడియో అండ పోయింది, దేశంలో సాహసానికి డబ్బు పెట్టేవాడు లేడు. ఆ సందులోకి బయటి డబ్బు వచ్చింది. 1990లో వచ్చిన 'జూ డో'కి జపాన్‌కు చెందిన తోకుమా సంస్థ పెట్టుబడి పెట్టింది. అద్దకపు పని చేసే ఇంట్లో ముసలి యజమాని, అతని చేతిలో దెబ్బలు తినే చిన్న వయసు పెళ్లాం, ఆమెను ప్రేమించే అతని అన్న కొడుకు. ముసలివాడి పెత్తనం కింద నలిగే కుర్రవాళ్ల కథ 1989 తర్వాతి బీజింగ్‌లో ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. సినిమాను దేశంలో ఆపేశారు. ఆస్కార్‌లో విదేశీ భాషా చిత్రాల విభాగంలో దానికి నామినేషన్ వచ్చింది, చైనాకు అదే మొదటిది. వెనక్కి ఇవ్వమని చైనా అధికారులు అడిగితే ఆస్కార్ అకాడమీ ఒప్పుకోలేదు.

1991లో 'రెయిజ్ ది రెడ్ లాంటర్న్'. ఈసారి డబ్బు తైవాన్ నిర్మాతది. తైవాన్ డబ్బు నేరుగా చైనాలోకి రావడం కుదరని రోజులు కాబట్టి హాంకాంగ్ కంపెనీ ద్వారా వచ్చింది. అందుకే చైనాలో, చైనావాళ్లు, చైనీస్‌లో తీసిన ఆ సినిమా ఆస్కార్‌కు హాంకాంగ్ తరఫున వెళ్లింది. మొదటి షాట్‌లో గోంగ్ లీ ముఖం తప్ప ఇంకేమీ ఉండదు. కనపడని సవతి తల్లితో, సరే డబ్బున్నవాడినే చేసుకుంటాను, చిన్న పెళ్లాంగానైనా పోతాను అంటుంది. మాట తొణకదు, కళ్ల నుంచి నీళ్లు మాత్రం జారతాయి. కెమెరా కదలదు. చదువు మధ్యలో ఆగిపోయిన అమ్మాయి తన బతుకును తానే అమ్ముకోవడం ఆ ఒక్క షాట్‌లో అయిపోతుంది.

ఏ భార్య దగ్గరికి యజమాని వెళ్తే ఆమె ముంగిట ఎర్ర లాంతర్లు వెలిగించే ఆచారం ఈ సినిమాకు ప్రాణం. అది సూ తోంగ్ రాసిన మూల కథలో లేదు, చైనా ఆచారాల్లోనూ లేదు. దర్శకుడు కల్పించాడు. విదేశీ కంటి కోసం అల్లిన చైనా ఇది అని జర్నలిస్టు దాయ్ చింగ్ లాంటివాళ్లు దుయ్యబట్టారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ అదే తీర్పును గోంగ్ లీ నటనకూ అంటగట్టడం అన్యాయం. లాంతరు కల్పితమైతే కావచ్చు, దాని కింద కూర్చున్న ఆడమనిషి కోపం కల్పితం కాదు.

ఈ సినిమాకూ చైనాలో తెర దొరకలేదు. అంటే 1991 చివరికి వెనిస్‌లో, న్యూయార్క్‌లో ఆమె ముఖం తెలిసినవాళ్లున్నారు, జీనాన్‌లో ఆమె పక్కింటివాళ్లు మాత్రం ఈ రెండు సినిమాలూ చూడలేదు.

ఈ ముడి విప్పింది 1992 నాటి 'ది స్టోరీ ఆఫ్ చియూ జూ'. ఊరిపెద్ద చియూ జూ మొగుడిని తన్నరాని చోట తన్నాడు. పరిహారం డబ్బు నేల మీద విసిరేశాడు. నిండు గర్భిణి చియూ జూకు డబ్బు అక్కర్లేదు, తప్పు ఒప్పుకుంటే చాలు. ఎండుమిరపకాయలు బండికెత్తి, అమ్మి, ఆ డబ్బుతో టౌనుకు, జిల్లాకు, నగరానికి ఒక్కో ఆఫీసూ ఎక్కుతుంది. తెర మీద గోంగ్ లీని గుర్తుపట్టడమే కష్టం. తలకు గుడ్డ, దూది కోటు, పొట్ట ముందు చేతులు, కాళ్లు ఎడంగా వేస్తూ బరువు నడక, షియాన్ వైపు పల్లె యాస. చుట్టూ చాలామంది నటులు కారు, ఆ ఊరివాళ్లే. బజారు దృశ్యాలు చాలావరకు దాచిపెట్టిన కెమెరాలతో తీశారు. జనం మధ్య ఆమె నిలబడితే వెనక్కి తిరిగి చూసినవాడు లేడు. నా లెక్కలో ఆమె చేసినవాటిలో పెద్ద పాత్ర ఇదే, లాంతర్ల సినిమా కాదు.

వెనిస్‌లో గోల్డెన్ లయన్ సినిమాకూ, ఉత్తమ నటి పురస్కారం ఆమెకూ వచ్చాయి. ప్రభుత్వానికీ ఈ సినిమా నచ్చింది. పోలీసు అధికారులు మర్యాదస్తులుగా కనిపిస్తారు, సామాన్యులు ప్రభుత్వం మీద కోర్టుకెళ్లే కొత్త చట్టానికి ప్రచారంలాగా పనికొచ్చింది. చివర్లో ఆ చట్టం చేసిన పనికి చియూ జూ ముఖంలో కనిపించే అయోమయాన్ని వాళ్లు అంతగా పట్టించుకున్నట్టు లేరు. ఆ ఏడాదే 'జూ డో', 'రెడ్ లాంటర్న్' రెండింటి మీదా నిషేధం ఎత్తేశారు. దేశంలో ఇచ్చే గోల్డెన్ రూస్టర్ ఉత్తమ నటి పురస్కారం కూడా ఆమెకు ఈ పల్లెటూరి పాత్రతోనే దక్కింది.

ఆ ఊపిరి ఎక్కువ రోజులు నిలవలేదు. 1993లో చెన్ కైగే తీసిన 'ఫేర్‌వెల్ మై కాంకుబైన్' కేన్స్‌లో అగ్ర బహుమతి పామ్ దోర్‌ను మరో సినిమాతో పంచుకుంది. చైనాలో విడుదలైనట్టే అయి ఆగింది, కోతలు పడ్డాక మళ్లీ వచ్చింది. 1994లో యూ హ్వా నవల ఆధారంగా జాంగ్ తీసిన 'టు లివ్' కేన్స్‌లో గ్రాండ్ ప్రి గెలిచింది. అనుమతి లేకుండా పంపారన్నది అధికారుల అభియోగం. దేశంలో నిషేధించి, దర్శకుడి చేతులు కొంతకాలం కట్టేశారు. 1995లో 'షాంఘై ట్రయాడ్' పూర్తయ్యే నాటికి జాంగ్, గోంగ్ లీ విడిపోయారు. పెళ్లయినవాడితో ఆమె సంబంధం అప్పటికే చైనా పత్రికలకు ఏళ్ల తరబడి మేత.

ఆపైన ఆమె బతుకు చైనా బయటికి జరగడం మొదలైంది. 1996లో సింగపూర్ వ్యాపారవేత్తను పెళ్లాడింది. ఫ్రెంచ్ సౌందర్య సాధనాల కంపెనీకి ప్రచారకర్త అయింది. 2000లో బెర్లిన్ జ్యూరీకి, 2002లో వెనిస్ జ్యూరీకి అధ్యక్షత వహించింది. మరోవైపు చైనా ప్రభుత్వానికి సలహాలిచ్చే రాజకీయ సంప్రదింపుల మండలిలో సభ్యురాలిగానూ ఉంది. ఒక కాలు అక్కడ, ఒక కాలు ఇక్కడ.

హాలీవుడ్ ఆమెను సరిగా వాడుకోలేదు. 2005లో 'మెమాయిర్స్ ఆఫ్ ఎ గీషా'లో హత్సుమోమో పాత్ర ఒక్కటే ఆమె స్థాయిది. చైనా నటీమణులు జపాన్ గీషా వేషాలు కట్టడమేమిటని స్వదేశంలో పెద్ద గొడవ లేచింది. 1937లో జపాన్ సైన్యం నాన్‌జింగ్‌లో చేసిన ఘోరం మరిచిపోని దేశం, పైగా యుద్ధ నేరస్థులనూ స్మరించే యాసుకుని మందిరానికి జపాన్ ప్రధాని చేసిన సందర్శనలతో సంబంధాలు చెడి ఉన్న సమయం. 2006లో ఆ సినిమా చైనాలో విడుదలకాకుండా ఆపేశారు. ఆ ఏడాదే జాంగ్‌తో మళ్లీ కలిసి భారీ సెట్ల 'కర్స్ ఆఫ్ ది గోల్డెన్ ఫ్లవర్' చేసింది. అప్పటికి జాంగ్ నిషేధాల దర్శకుడు కాదు, రెండేళ్లలో రాబోయే బీజింగ్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవానికి రూపకర్త.

2008లో ఆ ఒలింపిక్స్ ముగిసిన కొద్ది నెలలకు, నవంబర్‌లో, గోంగ్ లీ సింగపూర్ పౌరసత్వం తీసుకుంది. చైనా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు, ఒకటి పుచ్చుకుంటే రెండోది పోతుంది. భారత్‌లోనూ ఇంతే కాబట్టి, అమెరికా పాస్‌పోర్టు తీసుకుని ఇక్కడి పాస్‌పోర్టు వదులుకున్న తెలుగువాళ్లకు ఆ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. తేడా ఏమిటంటే వాళ్లను ద్రోహి అని లక్షలమంది తిట్టరు. ఆమెను తిట్టారు. తైపేలో కుర్చీలోంచి లేవని రాత్రి వచ్చిన పొగడ్తలను ఈ తిట్ల పక్కన పెట్టి చూడాలి. మర్నాటి నుంచి ఆ గొడవ ఆమె చేతులు దాటిపోయింది. 2019లో చైనా తన సినిమాలనూ, నటులనూ గోల్డెన్ హార్స్‌కు వెళ్లకుండా ఆపేసింది.

2020 సెప్టెంబర్‌లో చైనా థియేటర్లలో రెండు వారాల తేడాతో ఆమెవి రెండు సినిమాలు పడ్డాయి. డిస్నీ 'మూలాన్'లో మంత్రగత్తె. ఉయ్‌గుర్ ముస్లింలను నిర్బంధిస్తున్నారన్న ఆరోపణలున్న షిన్‌జియాంగ్‌లో చిత్రీకరణ వివాదం ఒకవైపు, అసలు సినిమాయే నచ్చని చైనా ప్రేక్షకులు మరోవైపు కలిసి దాన్ని ముంచారు. రెండోది పీటర్ చాన్ తీసిన 'లీప్'. అందులో ఆమె వాలీబాల్ కోచ్ లాంగ్ పింగ్. ఆటగత్తెగా, కోచ్‌గా రెండు రకాలుగానూ ఒలింపిక్ బంగారం తెచ్చిన లాంగ్ పింగ్ చైనాకు ఇంటింటి పేరు. అలాంటి పాత్రను సింగపూర్ పౌరురాలికి ఇవ్వడమేమిటని అడిగినవాళ్లు అడిగారు. అంతకు ముప్పై ఏళ్ల ముందు ఆమె నటించిన సినిమాను ఆస్కార్ నుంచి వెనక్కి లాగాలని చూసిన దేశం, ఆ ఏడాది తన అధికారిక ఎంట్రీగా పంపింది 'లీప్'నే.